రాతప్రతులు ఒక ప్రశ్న, పునరుత్థానం మరో ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

పునరుత్థానం మీద మీ పత్రికలో వెంటవెంటనే వచ్చిన రెండు ఉత్తరాలు చదివాను. మొదటిది రాసిన పాస్టరుగారి వాదన ఇది: కొత్త నిబంధనకు గ్రీకులోనే 5,000కు పైగా రాతప్రతులున్నాయి, ప్రాచీన గ్రంథాల్లో మరి దేనికీ అన్ని లేవు, కాబట్టి బైబిల్ నమ్మదగినది, కాబట్టి యేసు సమాధిలోంచి లేచాడన్నది చరిత్ర రుజువు చేసిన సంగతి. దానికి జవాబు రాసిన హేతువాదిగారు అదే దారిలో ఎదురొచ్చారు. ఆ ప్రతుల మధ్య లక్షల్లో తేడాలున్నాయి, నాలుగు సువార్తలకూ పొత్తు కుదరదు, కాబట్టి పునరుత్థానం కట్టుకథ. ఒకరు ప్రతుల లెక్క చూపించి శవాన్ని లేపారు, ఇంకొకరు తప్పుల లెక్క చూపించి మళ్ళీ పడుకోబెట్టారు.

నేను ప్రూఫ్ రీడర్‌గా చేసి రిటైరైనదాన్ని. ఏ పక్షమో కూడా ముందే చెప్పేస్తాను. నేను క్రైస్తవురాలిని, యేసు లేచాడని నమ్ముతాను. అయినా ఈ ఉత్తరంలో నా తగువు ఎక్కువగా పాస్టరుగారితోనే. సొంతవాళ్ళ ప్రూఫే ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

"రెండు వేల ఏళ్ళుగా ఒక్క అక్షరం కూడా మారలేదు" అని పాస్టరుగారు రాశారు. ఈ మాట బోధల్లో నేను చాలాసార్లు విన్నాను. చేత్తో రాసిన ఏ పుస్తకం గురించైనా ఇలా అనగలిగిన మనిషికి నకలు రాయడమంటే ఏమిటో తెలియదనుకోవాలి. కంపోజ్ చేసేవాళ్ళు చేసే తప్పులన్నీ ఆ రాయసగాళ్ళూ చేశారు. రెండు లైన్లు ఒకే మాటతో ముగిస్తే కన్ను పై లైను మీంచి కింది లైనుకు దూకుతుంది, మధ్యలోది ఎగిరిపోతుంది. ఒకే మాట రెండుసార్లు పడుతుంది. అంచులో ఎవరో రాసుకున్న వివరణ తరువాతి నకలులో అసలు పాఠంలోకి ఎక్కి కూర్చుంటుంది. పద్నాలుగో శతాబ్దపు ప్రతి ఒకటుంది, పండితులు దానికి 109 అని నంబరు ఇచ్చారు. దాని మాతృకలో లూకా సువార్తలోని యేసు వంశావళి రెండు కాలమ్‌లుగా ఉంది. నకలు రాసినాయన కాలమ్ తర్వాత కాలమ్ చదవకుండా అడ్డంగా చదువుకుంటూ పోయాడు. దాంతో దేవుడు ఆరాము అనేవాడి కొడుకైపోయాడు, మానవజాతికి మూలపురుషుడు పెరెసు అయ్యాడు. నేను ఆ ప్రూఫ్ చూసి ఉంటే ఆ రోజంతా నవ్వుకునేదాన్ని.

నాకు అంతకన్నా ఇష్టమైనది నాలుగో శతాబ్దపు వాటికన్ ప్రతిలో ఉంది. హెబ్రీయులకు రాసిన పత్రిక మొదటి పుటలో ఒక మాటను ఎవరో దిద్దారు. చాలా కాలం తర్వాత ఇంకొకరు ఆ దిద్దుబాటు కొట్టేసి, పాత మాటే తిరిగి రాసి, అంచులో గ్రీకులో తిట్టాడు: "మూర్ఖుడా, దుర్మార్గుడా, పాతదాన్ని అలాగే ఉంచు, మార్చకు!" ఆ కోపం నాకు బాగా అర్థమవుతుంది. పాఠం మీద ఎంత ప్రేమ ఉండబట్టి వచ్చిన కోపం అది! అలాగే, మార్చేవాళ్ళు ఉన్నారు కాబట్టే వచ్చిన కోపం కూడా.

ఇవేవీ దాచిపెట్టిన రహస్యాలు కావు. జాన్ మిల్ అనే ఇంగ్లిష్ పండితుడు అప్పటికి అందుబాటులో ఉన్న ప్రతులను ముప్ఫై ఏళ్ళు పోల్చి చూసి, 1707లో సుమారు 30,000 పాఠభేదాలతో గ్రీకు కొత్త నిబంధన అచ్చువేశాడు. ఆయన నాస్తికుడు కాదు, చర్చి మనిషే. ఇప్పుడు ఆ లెక్క లక్షల్లోకి వెళ్ళిందంటే ప్రతులు ఎక్కువ దొరికాయి గనుక తేడాలూ ఎక్కువ కనిపిస్తున్నాయి. అందులో అత్యధిక భాగం స్పెల్లింగులు, మాటల వరస, "యేసు" అన్నచోట "యేసు క్రీస్తు" అనడం లాంటివి. హేతువాదిగారు "లక్షలు" అని అక్కడే ఆపేశారు. ఏ రకం లక్షలో చెప్పి ఉంటే బాగుండేది.

అయితే చిన్నవి కానివీ ఉన్నాయి. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ (యోహాను 7:53 నుంచి 8:11 వరకు) మనకు దొరికిన అతి పాత ప్రతుల్లో లేదు. కొన్ని ప్రతుల్లో అది ఏకంగా లూకా సువార్త 21వ అధ్యాయం చివర కనిపిస్తుంది. తన చోటేదో తనకే తెలియని పేరా అది. తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఏకమని స్పష్టంగా చెప్పే వాక్యం యోహాను మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో ఒకటుండేది. గ్రీకు ప్రతుల్లో కనబడలేదని, గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన పండితుడు ఎరాస్మస్ తన 1516, 1519 ముద్రణల్లో దాన్ని వెయ్యలేదు. గొడవ జరిగింది. ఆ వాక్యమున్న గ్రీకు ప్రతి ఒకటి బయటికి వచ్చింది, అది దాదాపు ఆ రోజుల్లోనే రాసిందని పండితులంటారు. 1522 ముద్రణలో ఆయన దాన్ని చేర్చాడు.

ఇక మార్కు సువార్త. పునరుత్థానం మీద మాట్లాడేవాళ్ళు తప్పించుకోలేనిది ఇదే. నాలుగు సువార్తల్లోనూ ముందు రాసింది మార్కే అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. క్రీ.శ. 70 ప్రాంతంలో అంటారు. నాలుగో శతాబ్దానివే అయిన సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి రెండింటిలోనూ అది 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. స్త్రీలు సమాధి దగ్గరికి వెళ్తారు, తెల్లని అంగీ వేసుకున్న పడుచువాడు ఆయన లేచాడని చెబుతాడు, వాళ్ళు వణుకుతూ పారిపోతారు, "వారు భయపడినందున ఎవనితో ఏమియు చెప్పలేదు." అంతే. యేసు ఎవరికీ కనబడడు. మనం ఆరాధనల్లో చదివే 9 నుంచి 20 వరకు వచనాలు అక్కడ లేవు. నాలుగో శతాబ్దంలోనే చర్చి చరిత్రకారుడు యూసీబియస్, సరైన ప్రతుల్లో సువార్త "భయపడినందున" దగ్గరే ముగుస్తుందని రాశాడు. అంటే ఇది ఆధునికులు పుట్టించిన అనుమానం కూడా కాదు.

ఆ చేర్చిన వచనాల్లోనే, నమ్మినవాళ్ళు పాములను ఎత్తి పట్టుకుంటారనీ, మరణకరమైనది తాగినా హాని ఉండదనీ ఉంది. అమెరికా కొండ ప్రాంతపు సంఘాల్లో కొందరు ఈ మాటలు పట్టుకుని ఆరాధనలో విషసర్పాలను చేతుల్లోకి తీసుకుంటారు. ఆ ఆచారాన్ని వ్యాప్తిలోకి తెచ్చిన జార్జ్ హెన్స్లీ 1955లో పాముకాటుతోనే చనిపోయాడు. అంచెల మీద అంచెలుగా ఏ పాఠం ఎక్కడినుంచి వచ్చిందో మామూలు విశ్వాసికి చెప్పకపోవడం ఎవరికీ నష్టం లేని విషయమని పాస్టరుగారు అనుకుంటే, ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

సరే, ఇన్ని చెప్పాక పాస్టరుగారి మొదటి భాగానికి న్యాయం చెయ్యాలి. ప్రతులు ఎక్కువ ఉండటం నిజంగానే మేలు. ఏది చేర్చిందో ఏది అసలుదో మనకు తెలుస్తున్నదంటే పోల్చి చూసుకోవడానికి అన్ని ఉండబట్టే. పౌలు ఏం రాశాడో, మార్కు ఏం రాశాడో చాలావరకు మన చేతిలో ఉందని నేను కూడా నమ్ముతాను. కానీ ఆ 5,000 అంకెను చెప్పేటప్పుడు, వాటిలో చాలా భాగం క్రీ.శ. తొమ్మిదో శతాబ్దం తరువాతివని కూడా చెప్పాలి. పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) మీద రాసినవి దాదాపు 140. రెండో శతాబ్దానివని గట్టిగా చెప్పగలిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో అందరికీ తెలిసినది, మాంచెస్టర్‌లో ఉన్న యోహాను సువార్త ముక్క, అరచేతిలో పట్టేంత.

అసలు చిక్కు ఆ తర్వాతి అడుగులో ఉంది. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేకుండా వచ్చిన పుస్తకంలో ఉన్నదంతా జరిగిందని ఏ ప్రూఫ్ రీడరూ సంతకం పెట్టరు. రచయిత రాసింది రాసినట్టు ఉందని మాత్రమే పెడతారు. కొత్త నిబంధన తర్వాత ప్రాచీన గ్రీకులో ఎక్కువ ప్రతులున్నది హోమర్ కావ్యం ఇలియడ్‌కు. అందుకని ట్రాయ్ యుద్ధంలో అపోలో దేవుడు బాణాలు వేశాడని పాస్టరుగారు ఒప్పుకుంటారా? ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఖురాన్ పాఠం ఎంత భద్రంగా వచ్చిందో ముస్లిం పండితులు గర్వంగా చెబుతారు. ఆ ఖురాన్ నాలుగో సూరా 157వ ఆయత్‌లో వాళ్ళు ఈసాను చంపలేదు, సిలువ వెయ్యలేదు, వాళ్ళకు అలా అనిపించింది అని ఉంది. పాఠం భద్రంగా ఉంటే అందులో చెప్పింది జరిగినట్టే అన్న సూత్రం పాస్టరుగారు అక్కడ వర్తింపజేయరు. నేనూ చెయ్యను. అయితే ఇక్కడ మాత్రం ఎందుకు చేస్తున్నట్టు?

ఇప్పుడు హేతువాదిగారి వైపు. పాఠం చెడితే పునరుత్థానం కూలుతుందని ఆయన అనుకున్నారు. పునరుత్థానం గురించి మనకున్న మొదటి సాక్ష్యం సువార్తల్లో లేదు. అది పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో ఉంది. ఆ ఉత్తరం క్రీ.శ. 53, 55 మధ్య రాసింది, అంటే సిలువ జరిగిన పాతికేళ్ళలోపు. పౌలే రాశాడన్నదాన్ని పండితులు దాదాపు ఎవరూ కాదనరు. అందులో ఆయన ఒక జాబితా ఇస్తాడు, తనకు అందినదాన్నే మీకు అప్పగించానంటాడు. యేసు చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేపబడ్డాడు, కేఫాకు (అంటే పేతురుకు), తర్వాత పన్నెండుగురికి, తర్వాత అయిదు వందలకు పైగా సహోదరులకు ఒకేసారి, తర్వాత యాకోబుకు, అపొస్తలులందరికీ, చివరగా తనకు కనబడ్డాడు. గలతీయులకు రాసిన పత్రికలో, తాను మారిన మూడేళ్ళకు యెరూషలేము వెళ్ళి కేఫా దగ్గర 15 రోజులున్నాననీ, ప్రభువు సహోదరుడైన యాకోబును చూశాననీ చెప్పుకున్నాడు. అంటే జాబితాలోని ఇద్దరితో స్వయంగా మాట్లాడిన మనిషి. క్రైస్తవం వదిలేశానని బహిరంగంగా ప్రకటించిన జర్మన్ ఆచార్యుడు గెర్డ్ లూడెమన్ కూడా ఈ జాబితాలోని సంగతులు సిలువ జరిగిన రెండు మూడేళ్ళలోపు ఏర్పడ్డవే అన్నాడు. పేతురుకూ పౌలుకూ ఏదో దర్శనం కలిగిందని ఒప్పుకున్నాడు. అది వాళ్ళ మనసుల్లోంచి వచ్చిందని ఆయన నిర్ణయం. "వందేళ్ళ తర్వాత ఎవరో అల్లిన కథ" అని హేతువాదిగారు రాసిన వాక్యం అందువల్ల నిలవదు.

అలాగని ఆ అయిదు వందల మందిని పాస్టరుగారు వాడిన తీరూ నిలవదు. "కోర్టులో 500 మంది సాక్షులు వచ్చి చెబితే ఏ జడ్జి కాదంటాడు?" అని అడిగారు. మన దగ్గర 500 మంది సాక్ష్యం లేదండీ. 500 మంది చూశారని చెప్పిన ఒక మనిషి మాట ఉంది. వాళ్ళ పేర్లు లేవు, ఏ ఊరో లేదు, ఏ రోజో లేదు. నాలుగు సువార్తల్లో ఒక్కదానిలోనూ ఆ సంఘటన లేదు. అంత పెద్ద విషయం వాళ్ళు వదిలేయడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. వీళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని పౌలు అంటాడు. కావాలంటే వెళ్ళి అడగండి అని సవాలు చేసినట్టు బోధకులు దాన్ని చదువుతారు. కావచ్చు. కొరింథు నుంచి యెరూషలేముకు సముద్రం దాటి ఎవరు వెళ్ళి అడుగుతారు?

ఆ జాబితాలో ఇంకో ఖాళీ ఉంది. స్త్రీలు లేరు. ఒక్కరు కూడా! దీని దగ్గర నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే రెండు ఉత్తరాలూ దీన్ని ఒక్క వాక్యంలో దాటేశాయి.

నాలుగు సువార్తలూ ఖాళీ సమాధిని ముందు చూసింది స్త్రీలే అంటాయి. ఎవరెవరన్నది కలవదు. మార్కులో మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే. మత్తయిలో ఇద్దరు మరియలే. లూకాలో సలోమే లేదు, యోహన్న ఉంది, ఇంకొందరున్నారు. యోహానులో మగ్దలేనే మరియ ఒక్కతే. నాలుగింటిలోనూ ఉన్న పేరు ఆమెది మాత్రమే. పాస్టరుగారు అన్నట్టు, ఆ కాలంలో ఆడవాళ్ళ సాక్ష్యానికి విలువ తక్కువ. స్త్రీల సాక్ష్యం తీసుకోవద్దని యూదు ధర్మశాస్త్రాన్ని వివరిస్తూ మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. రెండో శతాబ్దంలో క్రైస్తవాన్ని తూర్పారబట్టిన సెల్సస్, లేచిన యేసును చూసింది ఒక పిచ్చెత్తిన ఆడదే కదా అని వెక్కిరించాడు. క్రైస్తవ పండితుడు ఒరిగెన్ దానికి జవాబు రాయబట్టే ఆ వెక్కిరింత మనదాకా వచ్చింది. కథ కల్పించేవాళ్ళు వెక్కిరింతకు దొరికే సాక్షులను ఎందుకు కల్పిస్తారు అన్నది పాస్టరుగారి ప్రశ్న. మంచి ప్రశ్నే. కానీ దానికి జవాబు లేకపోలేదు. శవానికి సుగంధద్రవ్యాలు పూయడానికి వెళ్ళేది ఆడవాళ్ళే. మగ శిష్యులు అప్పటికే పారిపోయారని మార్కే చెప్పాడు. కథ అల్లినా సమాధి దగ్గరికి పంపడానికి ఇక వాళ్ళే మిగులుతారు.

నాకు ఎక్కువ పట్టేది లూకా 24వ అధ్యాయంలో ఉంది. స్త్రీలు వచ్చి చెబితే అపొస్తలులకు అవి వెర్రిమాటల్లా అనిపించాయి, వాళ్ళు నమ్మలేదు. సంఘానికి పునాదులని తర్వాత పేరుపడ్డ మగవాళ్ళు మొదటి సువార్తను ఆడవాళ్ళ వాగుడని కొట్టేశారని వాళ్ళ సొంత పుస్తకంలోనే రాసుకున్నారు. ఇది రుజువని నేను అనను. కానీ పౌలుకు అందిన జాబితాలో స్త్రీలు ఎందుకు లేరన్నదానికి, ఆ కథ అప్పటికి పుట్టలేదన్న హేతువాదిగారి వివరణతో పాటు ఇంకోటీ సాధ్యమే కదా. వీళ్ళ పేర్లు చెబితే ఎవరూ నమ్మరని జాబితా తయారుచేసినవాళ్ళు వదిలేశారేమో. ఆడవాళ్ళ పేర్లు జాబితాల్లోంచి రాలిపోవడం ప్రూఫులు చూసినదానిగా నాకు కొత్త కాదు.

సమాధి విషయం త్వరగా చెప్పేస్తాను. సిలువ వేసిన నేరస్థుల శవాలను రోమన్లు కుక్కలకూ కాకులకూ వదిలేసేవారు కాబట్టి యేసుకు సమాధే ఉండదని హేతువాదిగారు రాశారు. సాధారణంగా అలాగే జరిగేది. కానీ 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో యెహోహానాన్ అనే వ్యక్తి ఎముకల పెట్టె దొరికింది. మడమ ఎముకలో మేకు ఇంకా దిగబడే ఉంది. సిలువ వేసిన మనిషికి కూడా కుటుంబ సమాధి దక్కగలదని తేలింది. యేసుకు దక్కిందా అన్నది ఆ ఎముక చెప్పదు. మరోవైపు, సమాధికి కాపలా పెట్టారన్న కథ మత్తయి ఒక్కడిలోనే ఉంది. అదే పాస్టరుగారికి ప్రధాన ఆధారం కావడం నాకు ఇబ్బందిగా ఉంది.

మత్తయిలోనే ఇంకోటుంది, 27వ అధ్యాయం 52, 53 వచనాలు. యేసు చనిపోయినప్పుడు సమాధులు తెరుచుకుని, నిద్రించిన పరిశుద్ధులు అనేకమంది లేచి, తర్వాత నగరంలోకి వెళ్ళి చాలామందికి కనబడ్డారు. మిగతా మూడు సువార్తల్లో లేదు, జోసీఫస్‌లో లేదు, ఎక్కడా లేదు. మైకేల్ లికోనా అనే అమెరికన్ పండితుడు 2010లో యేసు పునరుత్థానం చరిత్రేనని వాదిస్తూ చాలా పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఒకచోట, ఈ రెండు వచనాలు అలంకారంగా రాసినవై ఉండవచ్చన్నాడు. అంతే, తన సొంత పక్షం వాళ్ళే లేఖనాన్ని కాదన్నావని మీద పడ్డారు, ఆయన అక్కడి పదవులు వదిలి వెళ్ళాల్సి వచ్చింది. పునరుత్థానాన్ని అంతగా సమర్థించినవాడికి ఆ గతి!

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ పింకస్ లపీడ్. నిష్ఠగల యూదు పండితుడు. దేవుడు యేసును మృతుల్లోంచి లేపడం నిజంగా జరిగిందని తాను ఒప్పుకుంటున్నానని 1970ల్లో రాశాడు. కానీ యేసు యూదుల మెస్సీయ (వాళ్ళు ఎదురుచూసే రక్షకుడు) అని ఒప్పుకోలేదు, క్రైస్తవుడు కాలేదు, కొత్త నిబంధనను లేఖనంగా తీసుకోలేదు. లికోనా, లపీడ్ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే నేను చెప్పేది అర్థమవుతుంది. లేఖనంలో ప్రతి మాటా జరిగిందా అన్నది ఒక ప్రశ్న. యేసు లేచాడా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి కాదని, రెండోదానికి అవునని చెప్పడానికి వీలుంది. రెండింటినీ ఒకే తాడుతో కట్టింది పాస్టరుగారు. ఆ ముడిని హేతువాదిగారు ప్రశ్నించకుండా అందుకున్నారు, ఎందుకంటే ఒకటి లాగితే రెండూ పడతాయి, పని సులువు.

"అబద్ధం కోసం ఎవరైనా చస్తారా" అన్న వాదన రెండు మాటల్లో. పన్నెండుగురిలో చాలామంది ఎలా చనిపోయారో చెప్పే కథలు చాలా తర్వాతివి. జెబెదయి కొడుకు యాకోబు, పేతురు, పౌలు, ప్రభువు సహోదరుడైన యాకోబు, ఈ కొద్దిమంది విషయంలో ఆధారం గట్టిది. చివరాయన్ని క్రీ.శ. 62లో రాళ్ళతో కొట్టించారని జోసీఫస్ రాశాడు. అది వాళ్ళ నిజాయితీని చూపిస్తుంది. నిజాయితీగా నమ్మింది నిజం కావాలని లేదు. తాను మెస్సీయనని చెప్పుకున్న సబ్బతై జ్వీ అనే యూదుడు 1666లో టర్కీ సుల్తాను ముందు ఇస్లాం తీసుకున్నాడు. అయినా ఆయన అనుచరుల్లో కొందరు నమ్మకం వదల్లేదు, ఆ మతమార్పిడిలోనే దైవరహస్యం ఉందన్నారు. ఆశ భగ్నమైనప్పుడు మనుషులు ఏమేం చెయ్యగలరో చెప్పడానికి ఈ ఉదాహరణ హేతువాదిగారు వాడి ఉంటే ఆయన ఉత్తరానికి బలం వచ్చేది. స్పెల్లింగ్ తేడాల లెక్క కన్నా ఇది చాలా పదునైన ఆయుధం.

మరి ఇన్ని తీసేసి నేను దేన్ని పట్టుకుని నమ్ముతున్నానని అడుగుతారు. ఆ కాలపు యూదుల్లో పునరుత్థానం మీద తగాదా ఉంది. పరిసయ్యులు ఉందనేవారు, సద్దూకయ్యులు లేదనేవారు. ఉందన్నవాళ్ళు కూడా యుగాంతంలో అందరూ ఒకేసారి లేస్తారనుకున్నారు. మధ్యలో ఒక్క మనిషి, అదీ ధర్మశాస్త్రం శాపగ్రస్తుడన్న రీతిలో మాను మీద వేలాడి చచ్చినవాడు, లేస్తాడని ఎవరూ కనిపెట్టుకుని లేరు. చనిపోయిన గురువు కలలో కనిపిస్తే ఆయన ఆత్మ దేవుని దగ్గరుందనడానికి వాళ్ళకు మాటలున్నాయి. వాళ్ళు అవి వాడలేదు. లేచాడు అన్నారు. ఎందుకన్నారన్నది నన్ను వదలదు. దీనికీ ఎదురు వాదన నాకు తెలుసు. అంతం దగ్గరపడిందని యేసే ప్రకటించాడు కాబట్టి ఆ వేడిలో ఉన్న శిష్యులు ఆయనను రాబోయే పంటకు మొదటి పనలా చూశారు, పౌలు వాడిన ప్రథమఫలమన్న మాట కూడా అదే కదా అంటారు. అది తెలివైన వివరణ. నాకు సరిపోలేదు, అంతే. ఇంకొకరికి సరిపోతే వాళ్ళ బుద్ధిలో లోపముందని నేను అనను. చనిపోయినవాణ్ణి లేపగల దేవుడు ఉన్నాడని ముందే నమ్మేవారికి ఈ ఆధారం చాలినంత అనిపిస్తుంది. లేడనుకునేవారికి ఎంతున్నా చాలదు. 1748లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ చెప్పింది దాదాపు ఇదే: ఆ సాక్ష్యం అబద్ధం కావడం ఆ అద్భుతం కన్నా పెద్ద అద్భుతమైతే తప్ప సాక్ష్యాన్ని ఒప్పుకోనక్కర్లేదు. నేను దేవుణ్ణి ముందు నమ్మినదాన్ని. అందుకే "చరిత్ర రుజువు చేసింది" అన్న వాక్యం ప్రూఫులో నా ముందుకొస్తే అంచులో ప్రశ్నార్థకం పెడతాను, ఆదివారం పొద్దున అదే సంగతి విశ్వాస ప్రమాణంలో గొంతెత్తి చెబుతాను. వీటి మధ్య నాకు పేచీ కనిపించదు.

"చచ్చినవాళ్ళు లేవరని పసిపిల్లలకూ తెలుసు, అప్పటి అమాయకులు నమ్మేశారు" అన్న వాక్యం మాత్రం హేతువాదిగారు వెనక్కి తీసుకోవాలి. చచ్చినవాళ్ళు లేవరని అప్పటివాళ్ళకూ తెలుసు. శిష్యుడైన తోమా, యేసు చేతుల్లో మేకుల గురుతు చూస్తే గాని నమ్మనన్నాడు. అతణ్ణి గుంపులోంచి ఎవరూ వెళ్ళగొట్టలేదు, మరుసటి వారం అదే గదిలో వాళ్ళతో ఉన్నాడు. ప్రశ్న అడిగినవాణ్ణి సాతాను దూతగా వర్ణించిన పాస్టరుగారికి కూడా ఇది పనికొస్తుంది.

ఇద్దరికీ చెరొక ప్రశ్న వేస్తాను. హేతువాదిగారూ, మీ ఉత్తరం రెండో పేరాలో శిష్యులు శవాన్ని ఎత్తుకుపోయారన్నారు, మూడో పేరాలో అసలు సమాధే లేదన్నారు, చివర యేసు సిలువ మీద స్పృహ తప్పాడేమో అన్నారు. ఎత్తుకుపోయారన్నది పద్దెనిమిదో శతాబ్దంలో రైమారస్ అనే జర్మన్ ఆచార్యుడి మాట. స్పృహ తప్పాడన్నది పౌలస్ వంటి జర్మన్ హేతువాద పండితులది. సగం చచ్చి సమాధిలోంచి పాక్కుంటూ వచ్చినవాణ్ణి చూసి మరణాన్ని జయించిన ప్రభువని ఎవరనుకుంటారని దాన్ని ఉతికి ఆరేసింది మళ్ళీ సందేహవాదే, డేవిడ్ స్ట్రాస్. ఈ మూడూ ఒకేసారి నిజం కాలేవు. మీది ఏది? దాన్ని పౌలు జాబితా ముందు నిలబెట్టి చూపండి. పాస్టరుగారూ, మార్కు 16వ అధ్యాయం 8వ వచనం తర్వాత ఏముందో, ఎందుకుందో వచ్చే పస్కా ఆదివారం మీ సంఘానికి చదివి చెబుతారా?

సంపాదకులకు ఒక మనవి. ఉత్తరం పొడవైందని తెలుసు, కత్తిరించుకోవచ్చు. కాకపోతే ఇద్దరికీ వేసిన ప్రశ్నల్లో ఒకటి ఉంచి రెండోది తీసెయ్యకండి. పెద్దపెద్ద అంకెలతో ఇకముందు వచ్చే ఉత్తరాల్లో, ఆ ప్రతుల్లో మొదటి మూడు శతాబ్దాలవి ఎన్నో కూడా రాయమని అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రూఫ్ రీడర్